పెంకు మీద పేరు గీకి ఊళ్ళోంచి పంపేసేవారా? గ్రీకుల ఓట్ల సంగతి ఎవరైనా చెప్పండి

లంకకుర్రోడు:
మాది రాజోలు దగ్గర లంకండి. నిన్న పొద్దున్న కొబ్బరి దింపు అవుతుంటే మా అబ్బాయి పక్కన కూర్చుని సోషల్ చదువుకుంటూ ప్రజాస్వామ్యం గ్రీకులే మొదలెట్టారంట నాన్నా అన్నాడు. దానికి మా బావ అందుకుని, ఏం మొదలెట్టార్రా, నచ్చనోడి పేరు కుండ పెంకు మీద గీకి పదేళ్ళు ఊళ్ళోంచి తోసేసేవోరంట, ఏ నేరం చెయ్యకపోయినా అంట అన్నాడు. మా బావదంతా ఎటకారం, ఏది నిజమో ఏది కాదో తెలీదు. నిజమే అయితే అలాంటి రూలు ఎందుకు పెట్టుకున్నట్టు?

పాతమాస్టారు:
ఆయ్, మీ బావగారు చెప్పింది నిజమేనండి. ముఖ్యంగా ఏథెన్స్ సంగతది. ఏడాదికోసారి సభలో అడుగుతారు, ఈ ఏడు ఎవర్నైనా పంపాలా అని. పంపాలంటే కొన్ని వారాలాగి, ఊరి నడిబజారు అగోరాలో ఓటింగు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళకి చిల్లపెంకు అరగదీసేవాళ్ళం కదా, ఇంచుమించు అలాంటి ముక్క మీదే పేరు గీకి వెయ్యడం. 6000 పెంకులు ఉండాలి. ఎక్కువ పెంకుల మీద ఎవరి పేరుంటే ఆయన పది రోజుల్లో సర్దుకుని పోవాలి. కేసూ లేదు, వాయిదా లేదు, వాదించుకోడానికీ లేదు. అయితే ఆస్తి ఆయనదే, పదేళ్ళయ్యాక వచ్చి మామూలుగా బతకొచ్చు. అంతకుముందు వాళ్ళని ఒక్క కుటుంబం నియంతల్లా ఏలింది, క్రీ.పూ. 510లో ఆ కుటుంబంలోని హిప్పియాస్ని తరిమేశారు, మళ్ళీ ఎవడూ అంత పెద్దోడు అవ్వకూడదని ఈ ఏర్పాటు. మొదటిసారి వాడింది క్రీ.పూ. 487లో.

కాలవగట్టు:
మాస్టారూ అసలు మజా వదిలేశారు. అరిస్టైడిస్ అని ఒకాయన, న్యాయవంతుడని పేరు. ఓటింగు రోజున చదువురాని పల్లెటూరాయనొకడు పెంకిచ్చి, దీని మీద అరిస్టైడిస్ అని రాసిపెట్టు బాబూ అన్నాట్ట, ఎవర్ని అడుగుతున్నాడో వాడికి తెలీదు. ఆయన నీకేం చేశాడయ్యా అంటే, ఏం చెయ్యలేదు, ఎక్కడ విన్నా న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే విసుగొచ్చింది అన్నాట్ట. ఈయన నోరెత్తకుండా తన పేరు తనే రాసిచ్చాడు. ఇది ప్లూటార్క్ చెప్పిన కథ, తర్వాతెప్పుడో రాసినాయన, కొంచెం తాలింపు ఉండొచ్చు.

తాలింపు లేనిది ఇంకోటి ఉంది. ఆక్రోపోలిస్ కొండకి ఉత్తరం పక్కన పాత నూతిలో 190 పెంకులు దొరికాయి, అన్నిటి మీదా ఒకటే పేరు, థెమిస్టోక్లీస్. చేతిరాతలు పోల్చి చూస్తే రాసింది 14 మందే! జనానికి పంచడానికి ముందే రాయించి పెట్టుకున్నారని అనుకుంటారు. పోలింగు ముందు రాత్రి పంపకాలు మనోళ్ళు కనిపెట్టినవేం కాదన్నమాట. ఆ థెమిస్టోక్లీసే క్రీ.పూ. 480లో సలమిస్ దగ్గర పర్షియా ఓడల్ని ముంచి ఊరిని కాపాడింది. పదేళ్ళు తిరక్కుండానే ఆయన్నే పంపేశారు, ఆఖరికి పోయి పోయి ఆ పర్షియా రాజు దగ్గరే తలదాచుకున్నాడు.

గౌతమిపాయ:
లాటరీ సంగతి ఎవరూ అనలేదేంటి? 500 మంది కౌన్సిలు, చాలా పదవులూ ఎన్నిక కాదు, లాటరీయే, ఎన్నికైతే డబ్బున్నోడూ మాటకారీ గెలుస్తారని వాళ్ళ లెక్క. సేనానుల్ని మాత్రం ఎన్నుకునేవారు. మా పక్కూళ్ళో వార్డు మెంబరుకి ఓట్లు సమానమొచ్చి చీటీ తీశారు, పోయినోడు ఆ చీటీ తీసిన పిల్లాడి ఇంటోళ్ళతో ఇప్పటికీ మాటాడ్డు.

తులసికోట:
ఇంత ప్రజాస్వామ్యంలోనూ ఆడాళ్ళకి ఓటు లేదు, బానిసలకి లేదు, బయటినుంచొచ్చి తరాలుగా అక్కడే బతికేవాళ్ళకీ లేదు. నవ్వుదామంటే నోరు రావట్లేదు లెండి, మా ఊరి సర్పంచి ఆడమనిషే, మీటింగులో కుర్చీలో కూర్చునేది మాత్రం వాళ్ళాయన.

లంకకుర్రోడు:
మరి ఈ పెంకుల ఓటింగు ఎప్పుడు ఆపేశారండి?

పాతమాస్టారు:
క్రీ.పూ. 416 ప్రాంతంలో. నికియాస్, ఆల్కిబియాడిస్ అని ఇద్దరు ఉద్దండులు, ఇద్దర్లో ఒకళ్ళు పోతారనగా ఇద్దరూ లోపాయికారీగా కలిసిపోయి హైపర్బోలస్ అనే మూడోవాణ్ణి పంపించేశారు. జనానికి రోత పుట్టింది. మళ్ళీ ఎవరిమీదా వాడలేదు.

లంకకుర్రోడు:
మా బావకి ఇదంతా చదివి వినిపించానండి. ఈలోగా మావాడు విరిగిన బంగాళా పెంకు ముక్క మీద మేకుతో మావయ్య అని గీకి అరుగు మీద పెట్టాడు. మా బావ దాన్ని తిప్పి చూసి, ఇంకా 5999 కావాలిరా అంటున్నాడు.