ఆర్టికల్ 15 చూశారా? హీరో దగ్గరే నాకు తేడా కొట్టింది

కోనసీమ కొబ్బరి:
2019లో వచ్చిన హిందీ సినిమా, కులవివక్ష కూడదనే రాజ్యాంగం ఆర్టికల్ పేరే పెట్టారు, నేను మొన్నే చూశానండి. అనుభవ్ సిన్హా తీశాడు, ఆయుష్మాన్ ఖురానా ఐపీఎస్ ఆఫీసరు. రోజు కూలి 3 రూపాయలు ఎక్కువ అడిగారని దళిత ఆడపిల్లల్ని పాడుచేసి ఇద్దర్ని చెట్టుకి ఉరేస్తారు, మూడో పిల్ల ఏమైందో తెలీదు. మురుగు గుంటలోకి మనిషి మునిగి నల్లటి నీళ్ళోడుతూ పైకొచ్చే షాట్ ఒకటుంది, అది చూసి మా అమ్మ అన్నం కంచం పక్కన పెట్టేసింది. ఇంతవరకూ సూపర్. కానీ హీరో బ్రాహ్మడు, ఢిల్లీ చదువు, ఆయనొచ్చి చక్కబెడితే గానీ ఆ ఊళ్ళో వాళ్ళకి దిక్కు లేదా? నాకక్కడ మింగుడు పడలా.

చెరువుగట్టు, భీమవరం:
ఆ సినిమా తీసింది మనలాంటోళ్ళ కోసం కదండీ. హీరోకి ఏమీ తెలీదు కాబట్టే స్టేషన్లో ఒక్కొక్కణ్ణీ నీ కులమేంటని అడిగే సీను పండింది. జాతవ్ అనే పోలీసు, తనూ దళితుడే, పాసీలనే ఇంకో దళిత కులం వాళ్ళు మాకన్నా కింద అంటాడు చూడండి, నవ్వొస్తుంది గానీ నవ్వలేం. మా చేపల చెరువు పట్టుబడి రోజు అందరికీ టీ వస్తుంది, రెండు గ్లాసుల పద్ధతి ఇప్పుడెక్కడుందిరా అంటాడు మా బాబాయ్, నిజమే, కూలోళ్ళందరికీ పేపర్ గ్లాసు, మాకు మాత్రం ఇంట్లోంచి స్టీలు గ్లాసులు. ముప్పై ఏళ్ళొచ్చాయి నాకు, ఈ సినిమా చూశాక గానీ ఆ గ్లాసు కనపడలేదు.

రాజోలు పిల్ల:
మీకు గ్లాసు కనపడింది, సంతోషం. మాకు చిన్నప్పట్నుంచీ కనపడుతూనే ఉందండి, మరి మాకోసం ఏం తీశారు? నిషాద్ ఉన్నాడు కదా, బోర్డర్లో కన్నా గట్టర్లో చచ్చిపోయేవాళ్ళే ఎక్కువ అనే కుర్రోడు, అసలు కథ అతనిది. అతన్ని ఎన్‌కౌంటర్ చేసేసి మళ్ళీ కెమెరా ఆఫీసరు మొహం మీదకే. తప్పిపోయిన మూడో పిల్లకి అక్క గౌరా ఉంది కదా, ఏడ్చే సీన్లు తప్ప ఆ అమ్మాయికి ఏం మిగిల్చారు? పశ్చిమ గోదావరి గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం గొడవకి దళితపేటవాళ్ళని వెలేసి పనుల్లోకి పిలవడం మానేశారు. ఆ కథ తీస్తే హీరో ఎవరవుతారో ఆలోచించండి.

తణుకు తాత:
అమ్మాయి చెప్పింది నిజం. ఇంకోటి, అందరూ ఇది యూపీలో ఇద్దరు ఆడపిల్లలు చెట్టుకి వేలాడుతూ కనపడ్డ 2014 బదాయూ కేసు అంటారు గానీ అక్కడి పిల్లలు దళితులు కాదు, మౌర్యలు, బీసీలు. సీబీఐ ఆత్మహత్యలని తేల్చింది, కోర్టు ఆ రిపోర్టు ఒప్పుకోలేదు. 2016లో గుజరాత్ ఉనాలో దళిత కుర్రాళ్ళని బండికి కట్టి కొట్టిన సంగతి కూడా తెచ్చి ఇందులోనే కలిపేశారు. అన్నీ ఒకే ఊళ్ళో కుక్కేసరికి పులుసెక్కువై ముక్క దొరకలా. కెమెరా పని మాత్రం, ఆ పొగమంచు, అబ్బో.

కోనసీమ కొబ్బరి:
పులుసు మాట బావుంది గురువుగారూ. చివర్లో రోడ్డు పక్కన అందరూ కలిసి తింటూ ముసలావిణ్ణి మీదే కులం అనడిగితే లారీ చప్పుడులో జవాబు వినపడదు చూడండి, నాకది భలే నచ్చింది.

రాజోలు పిల్ల:
మా ఊళ్ళో అయితే లారీ వెళ్ళేదాకా ఆగి మళ్ళీ అడుగుతారండి.