ఒకే పొయ్యి, ఇద్దరికి షుగర్ లెక్క: అన్నం ఎంత, రొట్టె ఎంత, గోలీ ఎప్పుడు?

ప్రశ్న — సాగర్_ఎడమకాల్వ (మిర్యాలగూడ)

వంట ఒక్కటే, రిపోర్టులు రెండు. నాన్నకు 54 ఏండ్లు. పరగడుపున షుగర్ 116, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క) 6.1. బరువు 78 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. ఇంకా గోలీలు లేవు. అమ్మకు 50, హెచ్‌బీఏ1సీ 8.2. పొద్దున షుగర్ మందులు మెట్‌ఫార్మిన్ 500, గ్లిమిపిరైడ్ 1 ఎంజీ కలిసిన గోలీ, రాత్రి మెట్‌ఫార్మిన్ ఒక్కటే. ఇద్దరూ పొలం పనికి పోతరు. పొద్దుగాల చాయ్, తొమ్మిదిన్నరకు అన్నం, పగటికి సద్దిలో అన్నం, రాత్రి మళ్లా అన్నమే. బియ్యం ఇంటి వడ్లవే. పప్పు వారానికి రెండుసార్లు, మిగతా రోజులు చారో పచ్చిపులుసో, తొక్కు, కొంచెం కూర.

అన్నం బంద్ చేసి జొన్నరొట్టెకు మారాల్నా? తెలంగాణ సోనా బియ్యం షుగర్ ఉన్నోళ్లకే అంటున్నరు, అది కొంటే సరిపోతదా? ఇద్దరికీ ఒకే వంట నడుస్తదా? అన్నలు, అక్కలు జర కొలతలతో చెప్పండి.

జవాబు — పాలమూరు_పోషణ

రెండు రిపోర్టుల అర్థం వేరు. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే షుగర్ రాబోయే ముందు దశ. 126, 6.5 దగ్గర షుగర్ మొదలు. నాన్నగారిది ఇంకా వెనక్కి తిప్పగలిగిన దశ, ఆయనకు మొదటి మందు బరువు తగ్గడమే. అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 2002లో వచ్చాయి: 7 శాతం బరువు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్న లక్ష్యంతో సాగినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 78 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. అమ్మగారి లెక్క గోలీతో ముడిపడి ఉంది. ఆ సంగతి మందులు తెలిసినవాళ్లు చెప్తే మేలు, నేను కంచం వరకే చెప్తాను.

అన్నం మానక్కర్లేదు, తూచాలి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటుంది, జొన్నపిండిలో 70 దగ్గర. జొన్నలో లాభం పీచు (పిండి 100 గ్రాములకు 10 గ్రాముల దాకా), నమిలి తినడం, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉండడం. అన్నం తీసేసి నాలుగు పెద్ద రొట్టెలు లాగిస్తే మాత్రం షుగర్ మీటరులో పెద్ద తేడా కనిపించదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఆపైన జొన్నను తిడతారు.

100 గ్రాముల బియ్యం వండితే 270 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. అమ్మగారికి పూటకు వండిన అన్నం 150 గ్రాములు పెట్టండి, బియ్యంగా చూస్తే 55. అందులో పిండిపదార్థం 43 గ్రాములు, పప్పులోది కలిస్తే 60 దగ్గర. నాన్నగారికీ అంతే, నాట్లు, కోతల రోజుల్లో 200 దాకా పోవచ్చు. వంటింటి కాటా ఒక వారం వాడితే చాలు. తర్వాత 150 గ్రాములు పట్టే గిన్నె ఒకటి ఖాయం చేసుకొని కంచంలో దాంతోనే బోర్లించండి. గంటెతో వడ్డిస్తే లెక్క నిలవదు, గంటె మీద గుట్ట ఎంత లేచిందో ఎవరూ చూడరు.

మీరు రాసినదాంట్లో నాకు అన్నం కంటే ఎక్కువ గుచ్చుకున్నది పచ్చిపులుసు, తొక్కు. వాటిలో తప్పేం లేదు, కానీ పులుపూ కారమూ అన్నాన్ని లాగుతాయి, ప్రోటీన్ మాత్రం ఇవ్వవు. రెండోసారి అన్నం పెట్టించుకునేది పచ్చిపులుసు రోజే. కాబట్టి పప్పు రోజూ ఉండాలి: మనిషికి పూటకు 30 గ్రాముల కందిపప్పో పెసరపప్పో, అందులో ప్రోటీన్ 7 గ్రాముల దగ్గర. నలుగురుంటే పూటకు 120 గ్రాములు. నీళ్లు పోసి పెంచిన పప్పు కాదు, గంటె నిలబడే పప్పు. పుంటికూర, గంగవాయిలికూర, చుక్కకూర ఏదైనా అందులోనే వేసేయండి. పప్పు లేని పూట గుడ్డు. అన్నం తగ్గించి దాని జాగాలో ఏమీ పెట్టకపోతే నాలుగింటికల్లా ఆకలై చేయి మిర్చిబజ్జీల మీదికి పోతుంది.

కూర మనిషికి పూటకు 150 గ్రాములకు తగ్గకుండా: బీర, దొండ, కాకర, గోకర, సొర. ఆలుగడ్డ, చామగడ్డ వండిన రోజు దాన్ని అన్నం కింద లెక్కేసి అన్నం సగం చేయండి. తినే వరుస కూడా పనిచేస్తుంది. ముందు సగం కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. అదే తిండి, అదే తూకం, వరుస మారినందుకే తిన్న తర్వాతి చక్కెర తక్కువ ఎక్కుతుంది. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాల నడక దీనికి తోడు.

తెలంగాణ సోనా అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రకం. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిండి రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దగ్గర అని లెక్క. మంచి రకమే, మీ పొలంలో ఉంటే అదే తినండి. కానీ దాంట్లోనూ పిండిపదార్థం దాదాపు అంతే ఉంది, తూకం అదే. బస్తా మీద ‘షుగర్ ఫ్రీ’ అని అచ్చేసి ధర పెంచితే నమ్మకండి, అలాంటి బియ్యం లేవు. ఇంటి వడ్లే కాబట్టి మిల్లులో పాలిష్ తక్కువ పట్టించండి. తవుడు నిలిచిన బియ్యంలో నూనె ఉంటుంది, ఎక్కువ రోజులు పెడితే కమురు వాసన వస్తుంది. నెలకు సరిపడా మాత్రమే పట్టించి, వండే ముందు గంటసేపు నానబెట్టండి.

ఇక చాయ్. చెంచా చక్కెర 5 గ్రాములు. రెండేసి చెంచాలతో రోజుకు నాలుగు చాయ్‌లంటే 40 గ్రాములు. బెల్లం వేసినా అదే లెక్క.

జవాబు — గిర్ని_పక్కిల్లు (నారాయణపేట)

తమ్మీ, రొట్టె సంగతి నేను చెప్త. కొత్తగ మొదలువెట్టినోళ్లు నాలుగు దినాలు చేస్తరు, ఇరుగుతున్నయని గోధుమపిండి కలుపుతరు. సగానికి సగం కలిపినంక అది జొన్నరొట్టె ఎట్లయితది? జొన్నల సాగే గుణం లేదు, తెర్లే నీళ్లతోనే పిండి పట్టుకుంటది.

గిలాస పిండికి గిలాస కంటె జర తక్కువ నీళ్లు. నీళ్లు బాగ తెర్లినంక చిటికెడు ఉప్పేసి పిండిల పోసి గంటెతోని కలిపి మూతవెట్టాలె. ఐదు నిమిషాలకు, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడే పిసకాలె, అరచేతి మొదలుతోని ఐదారు నిమిషాలు. ముద్దను వేలుతోని ఒత్తితే అంచు పగలొద్దు. పగిలితే ఇంకింత వేడినీళ్లు అద్ది మళ్ల పిసుకు. 50 గ్రాముల పిండికి ఒక రొట్టె, జానెడు వెడల్పు. కాలిన పెనం మీద వేసి పై మొఖానికి తడిబట్టతోని నీళ్లు అద్దాలె. నీళ్లు ఆరంగనే తిప్పాలె. ముందే తిప్పితే పెనానికి అంటుతది, ఆలస్యమైతే పర్రెలు వడి పొంగదు.

అట్లాంటి రొట్టెల పిండిపదార్థం 35 గ్రాములనుకో. రాత్రికి అమ్మకు ఒకటిన్నర, నాయినకు రెండు. దాని మీద మళ్ల అన్నం వద్దు.

పిండి పాతవడితే ఎంత పిసికినా ఇరుగుతది, అందుకని పదిహేను దినాలకే పట్టియ్యి. గిర్నిల నీకంటె ముందు ఏం పట్టిండ్రో అడుగు, గోధుమలో బియ్యమో అయితే మొదటి దోసెడు పిండి పక్కకు తియ్యమను. తెచ్చినంక చల్లారనియ్యి. వేడి మీద డబ్బాల పోస్తే చెమ్మవట్టి ఉండలు కడతది.

ఇంకోటి, జావ. మెత్తటి రాగిపిండి పలుచగ కాసి రెండు గిలాసలు తాగుతరు, షుగర్‌కు మంచిదట! నమిలేది లేకుంటే బిరాన ఎక్కుతది. దానికంటె జొన్న గట్క మేలు. పిండి కాదు, రవ్వ పట్టియ్యాలె. మనిషికి 50 గ్రాముల రవ్వ, దానికి నాలుగంతల నీళ్లు, సన్న మంట మీద ఉడికినంక పలుచటి సల్ల, ఉల్లిగడ్డ. మాపటికి ఆకలైతే బబ్బెర గుడాలో పెసర గుడాలో తిను. ఎండు గింజలు మనిషికి 30 గ్రాములు రాత్రి నానేస్తే చాలు.

జవాబు — వార్డు_డ్యూటీ (స్టాఫ్ నర్సు)

పైన చెప్పిన తూకాలు అమ్మగారికి రేపటి నుంచే మొత్తం పెట్టేయకండి. గ్లిమిపిరైడ్ కడుపులో తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను బయటికి తీయిస్తుంది. గోలీ పాతదే ఉండి అన్నం ఒక్కసారిగా సగమైతే చక్కెర పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. ముందు డాక్టర్‌కు ‘అన్నం తగ్గిస్తున్నం, డోసు చూడండి’ అని చెప్పండి, వారానికి కొంత చొప్పున తగ్గించండి. నాన్నగారికి గోలీలు లేవు కాబట్టి ఆయన ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒకే వంట ఇద్దరికీ నడుస్తుంది, తేడా ఈ ఒక్క దగ్గరే.

చాయ్‌తో గోలీ వేసుకొని పొలం పోయి తొమ్మిదిన్నరకు తింటున్నారా? ఆ గోలీ పొద్దటి మొదటి తిండితోనే పడాలి. తిండి పొలం దగ్గరైతే గోలీ కూడా సద్దిగిన్నెతో పాటే పోవాలి. తిండి లేకుంటే ఆ పూట ఆ గోలీ లేదు.

చక్కెర పడితే చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు. మీటరులో 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, లేకుంటే చక్కెర, నీళ్లలో కలిపి తాగించాలి. అంటే 15 గ్రాములు. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఎక్కకుంటే మళ్లీ అంతే. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్ వద్దు, కొవ్వు ఉన్నందున ఆలస్యంగా ఎక్కుతాయి. ఎక్కాక తిండి పెట్టాలి, గ్లిమిపిరైడ్ వల్ల పడ్డది కొన్ని గంటలకు మళ్లీ పడొచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

కల్లు మాట కూడా చెప్పాలి. ఖాళీ కడుపుతో తాగితే కల్లయినా, సారాయయినా లివర్ గ్లూకోజ్ వదలడాన్ని తగ్గిస్తుంది. గ్లిమిపిరైడ్ తోడైతే రాత్రిపూట పడిపోతుంది. ఊర్లలో అప్పుడు ‘ఎక్కువ తాగిండు’ అని మంచం మీద పండబెడతారు. చెమటలు పట్టి పలకని షుగర్ మనిషికి ముందు వేలు గుచ్చి చూడండి.

సాగర్_ఎడమకాల్వ

అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటది, మానమంటే వినదు. రాత్రి అటుకులో ఉప్మానో తింటది. ఇంకోటి, మా మామది బత్తాయి తోట, రోజూ జ్యూస్ తాగమంటడు. సీతాఫలాల కాలం కూడా వస్తది.

వార్డు_డ్యూటీ

శనివారం ఏ గోలీ వేసుకోవాలి, ఏది ఆపాలి అన్నది డాక్టర్‌తో చీటీ మీద రాయించుకోండి, అంచనాతో వద్దు. అన్నం తినే ఆ ఒక్క పూట పగటికి పెట్టుకుంటే మేలు, పొలం పని ఆ రోజు వద్దు. రాత్రి ఉప్మా బదులు గుడాలు, పెరుగు. మధ్యలో 70 లోపు పడితే ఒక్కపొద్దు అక్కడితో విడవాలి, ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

పాలమూరు_పోషణ

బత్తాయి తొనలు ఒలుచుకొని ఒక కాయ తినండి, ఇబ్బంది లేదు. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి, పీచు చెత్తబుట్టలోకి పోతుంది, బండి దగ్గరైతే చక్కెర కూడా వేస్తారు. మామయ్యను కాయలే పంపమనండి. సీతాఫలం, మన బాలానగర్ కాయ మరీ తీపి. మధ్యరకం కాయలో సగం, అదీ భోజనం మీద కాకుండా సాయంత్రం విడిగా. దావత్‌లో బగారా అన్నం గిన్నె కొలత అంతే, మటన్ ముక్కలు ముందు, చివర్లో డబుల్ కా మీఠా వదిలేయండి.

దేవరకొండ_దారి

మీటరులో రోజుకో తీరుగా చూపిస్తుంది. పొద్దున 130, పది నిమిషాలకు 160. మీటరు చెడిపోయినట్టేనా?

వార్డు_డ్యూటీ

ముందు చేయి చూడండి. బత్తాయి ఒలిచిన వేలికి చక్కెర అంటుకుని ఉంటే మీటరు ఎక్కువ చూపిస్తుంది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, వేలి కొస పక్క భాగంలో గుచ్చండి, గట్టిగా పిండొద్దు. స్ట్రిప్పుల సీసా ఎండలో, పొలం సంచిలో ఉంటే పాడవుతాయి. ఎండాకాలంలో ఇంట్లో చల్లటి మూలన ఉంచి, ఒక్కటి తీయగానే మూత బిగించండి. 130, 140 లాంటి చిన్న తేడాలు మీటరుకు మామూలే.

రోజూ పొద్దున ఒక్కటే చూసే బదులు వారానికి రెండు రోజులు జంటగా చూడండి: అన్నానికి ముందు ఒకటి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకటి. చాలామందికి లక్ష్యం ముందు 80 నుంచి 130, తర్వాత 180 లోపు. ఈ రెండింటి మధ్య తేడా 60 దాటితే ఆ పూట అన్నం ఎక్కువైనట్టు. రొట్టె పూట, అన్నం పూట విడివిడిగా రాసి పెట్టుకుంటే ఏది సరిపడుతుందో మీకే తెలుస్తుంది.

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చాలు, నెల నెలా చేయించి డబ్బు పోగొట్టుకోకండి. పీహెచ్‌సీలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపించి ఉచితంగా చేయిస్తారు. దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా అడగండి. ఐరన్ తక్కువై రక్తం తగ్గినవాళ్లకు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, అప్పుడు మీటరు పుస్తకం కూడా డాక్టర్ ముందు పెట్టాలి.