‘డిసేబుల్’ అంటే తీసేసినట్టేనా?

నాన్నగారి కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొన్నప్పటి నుంచే ఒక గేమ్స్ యాప్ ఉంది. నొక్కి పట్టుకుంటే ‘అన్‌ఇన్‌స్టాల్’ రావట్లేదు, ‘డిసేబుల్’ మాత్రమే వస్తోంది. అప్‌డేట్ అడిగినప్పుడూ అంతే: ‘ఇప్పుడే’, ‘తర్వాత’. ‘వద్దు’ అనే బటనే లేదు! "డబ్బులిచ్చి కొన్నది నేను, అద్దెకున్నవాడిలా బతిమాలుకోవడమేంటి?" అని ఆయన గొణుగుడు. నాకూ నిజమే అనిపించింది.

డిసేబుల్ చేస్తే యాప్ ఆగుతుంది గానీ సిస్టమ్‌లో అలాగే ఉంటుందని తెలుసు. కంప్యూటర్‌కు కలిపి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే టూల్) తీసేసినా ఆ యూజర్‌కు మాత్రమే పోతుంది, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మళ్లీ ప్రత్యక్షం. పైగా దానికోసం ఫోన్‌లో ఆన్ చేయాల్సిన ‘యూఎస్‌బీ డీబగ్గింగ్’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, అదొక టెన్షన్. పని అయ్యాక దాన్ని ఆపేస్తే సరిపోతుందా? ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.