గండికోట షూట్‌కి ఎఫ్‌ఎక్స్3 + బయటి రికార్డర్: ఫ్రేములు ఎగిరిపోతున్నాయి, ఏం చూసుకోవాలి?

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)

అన్నలకు నమస్తే. మే నెలలో గండికోటలో, ఆ తర్వాత బెలుం గుహల్లో షార్ట్ ఫిల్మ్ షూట్ ఉంది. కెమెరా సోనీ ఎఫ్‌ఎక్స్3. దానికి అద్దెకు తెచ్చిన ఐదంగుళాల హెచ్‌డీఎంఐ రికార్డర్ తగిలించి ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో టెస్ట్ చేశాం. యూహెచ్‌డీ (4కే) 25పీ, అంటే సెకనుకు 25 ఫ్రేములు; ఫైలు రకం ప్రోరెస్ 422 హెచ్‌క్యూ. కాసేపు బాగానే నడిచి, తర్వాత ఫ్రేములు ఎగిరిపోతున్నాయని వార్నింగ్ వస్తోంది. దానికి తోడు కెమెరా భుజం మీదికి ఎత్తినప్పుడల్లా స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి రికార్డింగ్ ఆగిపోతోంది. ఎస్‌ఎస్‌డీ మామూలు ల్యాప్‌టాప్‌లో వేసుకునే 1 టీబీది.

ఇంకో అనుమానం. లోపలి కార్డులోనే 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే రకం) వస్తుంది కదా, ఈ రికార్డర్ అవసరమా? తెచ్చాం కాబట్టి రా (సెన్సార్ ఇచ్చే ముడి డేటా)లో షూట్ చేసేద్దామా?

తాడిపత్రి_ఫోకస్

ఫ్రేములు పోవడం ఎస్‌ఎస్‌డీ వల్లే అనిపిస్తోంది. మీరు పెట్టిన సెట్టింగ్‌కి సెకనుకు 737 మెగాబిట్లు, అంటే దాదాపు 92 ఎంబీ ఆగకుండా రాయాలి. అట్ట మీద 500 ఎంబీ అని ఉండొచ్చు, అది మొదట్లో ఉండే వేగం. క్యూఎల్‌సీ రకం (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు ఇరికించే) డ్రైవులు వచ్చిన డేటాని ముందు క్యాష్‌లో, అంటే వేగంగా రాసే చిన్న భాగంలో వేసుకుంటాయి. క్యాష్ నిండాక కొన్నిటి వేగం 80 ఎంబీకి కూడా పడిపోతుంది. 92 కావాల్సిన చోట 80 వస్తే ఫ్రేములు పోక ఏమవుతాయి? టీఎల్‌సీ రకం (సెల్‌కి మూడు బిట్లు) తీసుకోండి, అదీ రికార్డర్ కంపెనీ ఇచ్చిన లిస్టులో ఉన్న మోడలే. ఫార్మాట్ రికార్డర్‌లోనే చేయాలి, కంప్యూటర్‌లో వద్దు.

టెస్ట్ చేసేటప్పుడు లెన్స్‌కి మూత పెట్టి వదిలేస్తే లాభం లేదు. ఖాళీ ఫ్రేముకి ప్రోరెస్ తక్కువ డేటా రాస్తుంది, పాడు డ్రైవ్ కూడా పాసైపోతుంది. గాలికి ఆకులు కదిలే వేపచెట్టు మీద ఫోకస్ పెట్టి, డ్రైవ్ నిండేదాకా ఒకే క్లిప్ తీయండి. గంటకు సుమారు 332 జీబీ, కాబట్టి 1 టీబీకి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ ఒక్క ఫ్రేము పోకపోతేనే షూట్‌కి తీసుకెళ్లండి.

స్క్రీన్ నల్లబడేది కేబుల్ కదలడం వల్ల. 25పీ సిగ్నల్‌కి పాత హెచ్‌డీఎంఐ 1.4 కేబుల్ కూడా సరిపోతుంది, కాబట్టి ఖరీదైన కేబుల్ కొన్నంత మాత్రాన తీరదు. రెండు చివరలా క్లాంప్ ఉండాలి. పొడవు 30 నుంచి 50 సెంటీమీటర్లు, మెత్తగా వంగే రకం. బిగించాక రికార్డ్ నొక్కి కేబుల్‌ని నాలుగు వైపులా వేలితో కదిలించి చూడండి. బొమ్మ పోకపోతే సరే. 50పీ తీస్తే మాత్రం 18 గిగాబిట్ల కేబుల్ తప్పనిసరి.

ప్రొద్దుటూరు_డేటా

తమ్ముడూ, ఎండ సంగతి ఎవురూ చెప్పలేదు. మే నెలలో గండికోట బండల మీద మధ్యాన్నం నిలబడితే కింద నుంచీ సెగ కొడతాది. రికార్డర్ నల్లగా ఉంటాది, లోపల ఎస్‌ఎస్‌డీ వేరే కాగుతాంటాది. డ్రైవ్ కాగితే తనకు తానే వేగం తగ్గించుకుంటాది, మళ్లా అవే ఫ్రేములు పోతాయి. తెల్ల గొడుగు పట్టించు. సన్ హుడ్ పెట్టుకో, కానీ ఫ్యాన్ గాలి బయటికొచ్చే సందు మూయాకు. తడిగుడ్డ మాత్రం కప్పాకు, నీళ్లు లోపలికి పోతాయి. షాట్ అయిపోతానే రికార్డర్ ఆపేయాల, రిహార్సల్‌కి కెమెరా స్క్రీన్ చాలు.

బ్యాటరీ: ఇట్లాంటి రికార్డర్లు 20 వాట్ల దాకా తాగుతాయి. చిన్న ఎన్‌పీ‑ఎఫ్570 ముక్కాలు గంట కూడా రాదు. ఎఫ్970 అయితే రెండు గంటలు. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఆ క్లిప్ సరిగా మూసుకోదు, ఒక్కోసారి తెరుచుకోనే తెరుచుకోదు. 20 శాతం ఉండంగానే మార్చేయ్.

కెమెరా మెనూలో మూడు చూసుకో. హెచ్‌డీఎంఐలో ఇన్ఫో డిస్‌ప్లే ఆఫ్, లేకుంటే అక్షరాలు కూడా బొమ్మతో పాటే రికార్డ్ అయితాయి. టీసీ (టైమ్‌కోడ్) అవుట్‌పుట్ ఆన్. రెక్ కంట్రోల్ ఆన్, అప్పుడు కెమెరా బటన్‌తోనే రెండూ మొదలైతాయి. రికార్డర్‌లో ఎల్‌యూటీ (రంగుల లుక్ వేసే ఫైలు) చూసేదానికే ఉండాల, రికార్డ్‌కి ఆఫ్. ఎస్‌లాగ్3 (రంగులు తర్వాత దిద్దుకునేదానికి తీసే చప్పటి బొమ్మ) మీద లుక్ అచ్చుపడినాక వెనక్కి తీయలేవు.

కొండారెడ్డి_బురుజు

రా విషయం. ఎఫ్‌ఎక్స్3 హెచ్‌డీఎంఐ నుంచి 16 బిట్ రా ఇస్తుంది. కానీ అందులో కెమెరా చేసే నాయిస్ తగ్గింపు ఉండదు. బెలుం గుహల్లో తక్కువ వెలుతురులో 12800 బేస్ ఐఎస్‌ఓ (చీకటి కోసం కెమెరాలో ఉన్న సెన్సిటివిటీ) వాడాల్సి వస్తే ఆ గ్రెయిన్ అంతా ఎడిట్‌లో మీరే తుడుచుకోవాలి. పైగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ పాత వెర్షన్లు ప్రోరెస్ రా ఫైళ్లని తెరవవు. ఎడిటర్‌ని అడగకుండా రా జోలికి వెళ్లొద్దు.

నా అభిప్రాయం: లోపలి కార్డులో సోనీ ఫార్మాట్ ఎక్స్‌ఏవీసీ ఎస్‌‑ఐ, 25పీకి 250 మెగాబిట్లు, అదే మాస్టర్. బయట ప్రోరెస్ హెచ్‌క్యూ కాదు, మామూలు 422 పెట్టండి. సెకనుకు 62 ఎంబీ లోపే, డ్రైవ్ మీద బరువు మూడో వంతు తగ్గుతుంది. రెండూ 10 బిట్ 4:2:2నే, తెర మీద తేడా కనిపెట్టడం కష్టం. రికార్డర్ మీకు ఇచ్చేది పెద్ద స్క్రీన్, రెండో కాపీ, ఎడిట్‌లో తేలిగ్గా నడిచే ఫైలు. షార్ట్ ఫిల్మ్‌కి ఆ రెండో కాపీ ఒక్కటి చాలు దాన్ని మోయడానికి.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)

చాలా థాంక్స్ అన్నా. డైరెక్టర్ సెకనుకు 24 ఫ్రేముల్లో తీద్దామంటున్నాడు. గుహల్లో లైట్లతో ఇబ్బందా?

తాడిపత్రి_ఫోకస్

మన కరెంటు 50 హెర్ట్జ్. 24లో 180 డిగ్రీల షట్టర్ (ఫ్రేము సమయంలో సగం తెరిచి ఉండటం) అంటే 1/48 సెకను, కొన్ని లైట్ల కింద పట్టీలు కొడతాయి. 172.8 డిగ్రీలు పెడితే సరిగ్గా 1/50. మెనూలో 24 అని ఉన్నా అది 23.98 కావచ్చు, సౌండ్ వాళ్లతో ముందే మాట్లాడండి. ఒకరు 24, ఒకరు 23.98 అనుకుంటే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపే పని లేకపోతే 25, 1/50తో తీసేయండి, ఈ గొడవే ఉండదు.

ప్రొద్దుటూరు_డేటా

ఇంకోటి. గుహలో ఉక్క. ఏసీ కారులో నుంచి దిగంగానే లెన్స్ మీద ఆవిరి పడతాది. కెమెరా, రికార్డర్ రెండూ బ్యాగులోనే ఉంచి అరగంట ముందే బయట పెట్టు, ఆమీన తెరువు.