తీసివేతలు: కృత్యాలతో నేర్పాలా, నల్లబల్ల ముందు నిలబడి నేర్పాలా?

ప్రశ్న (ఎస్జీటీ, అంటే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, పార్వతీపురం మన్యం జిల్లా)

మిత్రులకు నమస్కారం. మూడవ తరగతి పిల్లలకు పదిని విడదీసి చేసే తీసివేతలను రెండు వారాలుగా పుల్లల కట్టలతో నేర్పుతున్నాను. కట్ట విప్పి పది పుల్లలను ఒకట్లలో కలపడం అందరూ ఉత్సాహంగానే చేస్తున్నారు గానీ, నోటుపుస్తకం తీసి 52 నుంచి 27 తీసివేయమంటే సగం మంది 35 అని రాస్తున్నారు. పైది ఏదో కిందది ఏదో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నారన్నమాట. మా స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల సముదాయంలో) సీనియర్ ఉపాధ్యాయులొకరు, "కొన్నాళ్లు నువ్వే ముందుండి ఒక్కో మెట్టూ చెప్పమ్మా" అన్నారు. అలా చేస్తే మళ్లీ బట్టీ చదువుకు దారి తీసినట్లు కాదా? పైగా మూడు, నాలుగు, ఐదు తరగతులు నాకు ఒకే గదిలో ఉన్నాయి.

సమాధానం (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ)

అమ్మా, ముందుండి చెప్పడమంటే ఉపన్యాసం ఇవ్వడమని అనుకోవడం వల్లనే ఈ సందేహం వస్తుంది. బరాక్ రోజెన్‌షైన్ అనే అమెరికన్ విద్యావేత్త గణిత తరగతుల పరిశీలనలను క్రోడీకరిస్తూ ఒక సంగతి చెప్పారు: బాగా నేర్పగలిగిన ఉపాధ్యాయులు 40 నిమిషాల పీరియడ్‌లో సుమారు 23 నిమిషాలు వివరించడానికి, చేసి చూపడానికి, ప్రశ్నలు అడగడానికి వెచ్చించారు, అంతగా ఫలితం రాబట్టలేనివారు 11 నిమిషాలే వెచ్చించారు. ఆ సమయంలో పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోలేదు, అడుగడుగునా జవాబులు చెబుతూనే ఉన్నారు.

మీ పాఠాన్నే తీసుకుందాం. మొదటి ఐదు నిమిషాలు 12లోంచి 7, 15లోంచి 8 వంటివి నోటిలెక్కలుగా అడగండి. ఇవి తడుముకునే పిల్లవాడికి పదిని విడదీయడం ఎంత చెప్పినా తలకెక్కదు. తరువాత నల్లబల్ల మీద 52 నుంచి 27 లెక్క చేస్తూ, మీ మనసులో నడిచే ఆలోచనను పైకి చెప్పండి: "2లోంచి 7 తీయగలనా? తీయలేను. అయిదు పదుల్లో ఒకటి విప్పుతాను, నాలుగు పదులు మిగిలాయి, ఒకట్లు 12 అయ్యాయి." అదే క్షణంలో పక్కన ఒక కట్ట విప్పి చూపితే, పుల్లలకూ అంకెలకూ మధ్య తెగిన ముడి కలుస్తుంది. నాకు తోచినంతవరకు మీ పిల్లల చిక్కంతా అక్కడే ఉంది. కృత్యంలో లోపం లేదు, దాన్ని అంకెల్లో ఎలా రాయాలో చేసి చూపినవారు లేరు.

ఆ పిదప రెండు మూడు లెక్కలు అందరూ కలిసి చెప్పాలి, ఆనక ఎవరి పలక మీద వారు చేయాలి. అయితే వరుసగా అన్నీ పదిని విడదీసే లెక్కలే ఇవ్వకండి. మధ్యలో 58 నుంచి 23 వంటిది పెట్టకపోతే అవసరం ఉన్నా లేకున్నా పదిని విప్పడం అలవాటవుతుంది, బట్టీ అంటే అసలు అదే. పదింట ఎనిమిది జవాబులు సరిగా వచ్చేదాకా 402 నుంచి 178 వంటి, మధ్యలో సున్నా ఉన్న లెక్కల జోలికి వెళ్లవద్దు.

సమాధానం (డైట్, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, అధ్యాపకురాలు)

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. అమెరికాలో 1968లో మొదలైన ప్రాజెక్ట్ ఫాలో త్రూ పేద పిల్లల కోసం పలు బోధనా నమూనాలను పోల్చి చూసింది. 1977లో వెలువడిన మూల్యాంకనంలో సీగ్‌ఫ్రీడ్ ఎంగెల్‌మన్ బృందం రూపొందించిన ప్రత్యక్ష బోధన (ఉపాధ్యాయుడే ముందుండి మెట్టు మెట్టుగా చెప్పే పద్ధతి) ప్రాథమిక నైపుణ్యాలలో ముందు నిలిచింది. అయితే ఒకే నమూనా వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ఫలితాలు ఇచ్చిందన్న విమర్శ కూడా ఆ మరుసటి ఏడాదే వచ్చింది. గుణింతాలకు, తీసివేతలకు పనికివచ్చిన పద్ధతిని పద్యం మీద చర్చకో, ఊరి చెరువు పరిశీలనకో యథాతథంగా దించకూడదు. పట్టు చిక్కిన పిల్లవాడికి మెట్టు మెట్టుగా చెబుతూ పోవడం విసుగే గాక ఆటంకం కూడా.

సమాధానం (ఏకోపాధ్యాయ పాఠశాల, ఆదిలాబాద్)

ఒకే గది గురించి నా అనుభవం: మూడవ తరగతితో మీరు ఇరవై నిమిషాలు గడిపేటప్పుడు మిగతా రెండు తరగతులకు నిన్న పూర్తిగా వచ్చిన పనినే అభ్యాసంగా ఇవ్వండి. కొత్తది ఇచ్చారా, ప్రతి రెండు నిమిషాలకూ ఒకరు లేచి వచ్చి మీ పాఠాన్ని తెంపుతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు పలకలతో మొదలుపెట్టాను. పక్కవాడి పలక చూసి రాసేవారిని ఎలా పట్టుకోవాలో మాత్రం అర్థం కాలేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

రాయగానే పలకను ఒడిలో బోర్లించమనండి. మీరు "చూపండి" అన్నప్పుడే అందరూ ఒక్కసారిగా ఎత్తాలి. అప్పటికీ చూసి రాసేవాడు ఒకడుంటాడు. వాడిని మందలించకుండా, ఆ పది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.