చామంతి కుండీలు గుబురెక్కాయి, సగం మొగ్గ తొడగలేదు: ఇప్పుడు కత్తిరించవచ్చా?

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాద్, నవంబరు 3)

నమస్కారం. నాలుగో అంతస్తులోని మా బాల్కనీలో తొమ్మిది కుండీల్లో పసుపు చామంతి పెంచుతున్నాను. జులైలో పిలకలు నాటి, ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరు మొదటి వారంలో మరోసారి తలలు తుంచాను. ఇప్పుడు ఒక్కో మొక్క మోకాలెత్తు పెరిగి, లోపలికి చెయ్యి దూరనంత గుబురుగా ఉంది. ఐదు కుండీల్లో మిరియపు గింజంత మొగ్గలు వచ్చాయి గాని, మెట్ల వైపున్న నాలుగింటిలో ఒక్క మొగ్గా లేదు; విచిత్రమేమిటంటే అన్నింటికంటే ఏపుగా ఉన్నవి అవే. గుబురు మధ్యలో ఆకులు పండిపోయి రాలుతున్నాయి. మా అత్తగారు ఏటా మల్లెకు కొమ్మలు కత్తిరించి ఆకు దూసేవారు. చామంతికీ అలాగే చేస్తే ఈ నాలుగూ పూతకు వస్తాయా? సంక్రాంతికి గొబ్బెమ్మల మీద ఇంటి పూలే పెట్టాలని మా అమ్మాయి పట్టుబట్టి కూర్చుంది.

జవాబు (కడియం)

అమ్మా, మల్లెకు చేసే పని చామంతికి చేయకండి. మల్లె కొత్త చిగుళ్ల మీద పూస్తుంది. అందుకే చలికాలం చివర నీరు తగ్గించి, కత్తిరించి, ఆకు దూస్తే, వేసవికి వచ్చే చిగుళ్లు మొగ్గలతో వస్తాయి. చామంతికి మొగ్గ కట్టేది కొమ్మ కొసన. ఈ నెలలో కొస కత్తిరిస్తే ఈ ఏటి పువ్వును కత్తిరించినట్టే. తలలు తుంచే కాలం మీకు సెప్టెంబరుతో అయిపోయింది.

అలాగని కత్తెర పూర్తిగా పక్కన పెట్టనక్కరలేదు. మట్టికి తగులుతున్న ఆకులు, పండిన ఆకులు, గుబురు నడుమ వెలుతురు చాలక అగ్గిపుల్లంత సన్నగా సాగిన కొమ్మలు, మొక్క మొదలు దగ్గర కొత్తగా లేస్తున్న పిలకలు, ఇవన్నీ తీసేస్తే గాలి ఆడుతుంది, పేనుబంక చేరినా వెంటనే కంటపడుతుంది. పచ్చటి ఆకు జోలికి మాత్రం పోవద్దు, మొగ్గకు తిండి పెట్టేది అదే.

ఆ తరువాత గుబురును విప్పాలి. కుండీ అంచు వెంబడి నాలుగు సన్నని వెదురు పుల్లలు గుచ్చి, వాటిని చుట్టి జానెడు ఎత్తులో ఒక వరుస, మూరెడు ఎత్తులో ఇంకో వరుస పురికొస కట్టండి. బయటి కొమ్మలను ఒక్కొక్కటిగా ఆ పురికొస మీదికి వంచి, వేలు దూరేంత వదులుగా ముడి వేయండి. చామంతి కొమ్మ కణుపు దగ్గర పుటుక్కున విరుగుతుంది కనుక, పొద్దున్నే నీళ్లు పోసి కొమ్మ బిగువుగా ఉన్నప్పుడు కాకుండా, సాయంత్రం కాస్త మెత్తబడ్డాక వంచడం మేలు. నేను ఈ సంగతి నేర్చుకునే సరికి చాలా కొమ్మలు పోయాయి.

మీది చిన్న పువ్వు నాటు రకమైతే పక్క మొగ్గలు తీయవద్దు. పెద్ద పువ్వు రకమైతే మాత్రం కొస మొగ్గ ఒక్కటి ఉంచి, చుట్టూ ఉన్నవి ఆవగింజంత ఉండగానే గోటితో గిల్లేయండి.

జవాబు (చేవెళ్ల)

పై పెద్దాయన కత్తిరింపు సంగతి చక్కగా చెప్పారు. అయితే మొగ్గ లేని నాలుగు కుండీల సమస్య కత్తెరది కాదేమోనని నా అనుమానం. ఆ మెట్ల దగ్గర రాత్రంతా దీపం వెలుగుతుందా?

చామంతి రాత్రి పొడవును బట్టి పూస్తుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో సుమారు 11 గంటలకు దిగుతుంది. దక్షిణాయనంలో చీకటి పెరుగుతున్న కొద్దీ మొక్క ఆకు పని మాని మొగ్గ పనిలో పడుతుంది. ఆ చీకటిని మధ్యలో దీపం తెంచితే మొక్కకు ఇంకా ఎండాకాలమే అనిపిస్తుంది. పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ పట్టా కప్పిన పెంపకపు షెడ్డులో) మేము కావాలనే ఈ పని చేస్తాం: మొక్క ఎత్తు చాలే వరకు రాత్రి 10 నుంచి 2 దాకా బల్బులు వెలిగించి పూత ఆపుతాం, పూత కావలసినప్పుడు సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా నల్ల పట్టా కప్పుతాం. ఏపుగా ఉండి మొగ్గ లేదన్నారు చూడండి, దీపం కింద పెరిగిన చామంతి సరిగ్గా అలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

మీ అనుమానమే నిజమండి. మెట్ల మీది ట్యూబులైటు తెల్లవార్లూ వెలుగుతుంది. నిన్న రాత్రి ఆ కుండీల దగ్గర నిలబడి చూస్తే, పాలప్యాకెట్టు మీది సన్న అక్షరాలు కూడా చదవగలిగాను. దీపం ఆపించడం కుదరదు, అది అందరి మెట్లది. ఇప్పుడు కప్పితే పండుగకు అందుతాయా?

జవాబు (చేవెళ్ల)

నికరమైన చీకటి మొదలైన నాటి నుంచి పువ్వు విచ్చడానికి చాలా రకాలకు 8 నుంచి 10 వారాలు పడుతుంది. ఈ రోజే మొదలుపెడితే పదో వారం జనవరి రెండో వారంలో పడుతుంది, అంటే అందీ అందనట్టుగా. వీలైతే ఆ నాలుగింటినీ చీకటిగా ఉండే వైపుకు మార్చండి. లేకపోతే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె లాంటిది బోర్లించి, కింద గాలికి రెండు వేళ్ల సందు ఉంచి, రోజూ ఒకే వేళకు పెట్టి ఒకే వేళకు తీయండి. మధ్య రాత్రి మొగ్గ వచ్చిందేమోనని సెల్‌ఫోను లైటు వేసి చూడకండి. మా ఇంట్లో ఆ పని చేసేవారు ఒకరున్నారు. యూరియా వేస్తుంటే ఆపేయండి, లేకుంటే మళ్లీ ఆకే పెరుగుతుంది.

జవాబు (కడియం)

గొబ్బెమ్మలకు ఆ ఐదు కుండీల పూలు సరిపోతాయి. ఈ నాలుగూ కనుమ దాటాక పూసినా, పూత అయ్యాక బెత్తెడు మొదలు ఉంచి కోసేయండి. అప్పుడు వచ్చే పిలకలే వచ్చే జులైకి మీ నారు.