మాంగోడీబీలో కలెక్షన్ల జాబితా: ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తోంది, ఏమిటి కారణం?

పర్లాకిమిడి పఠనమందిరం

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. ఇక్కడ తెలుగువాళ్ళం నడుపుకుంటున్న చిన్న పఠనమందిరంలో పుస్తకాల పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను చూస్తున్నాను. తెలుగు పుస్తకాలే ఎక్కువ, ఒడియా పుస్తకాలూ బాగానే ఉన్నాయి. సవర భాష కోసం పనిచేసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కనుక సవర పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక బీరువా ఉంచాం. అందులోవి మళ్ళీ దొరికే పుస్తకాలు కావు. వాటి వివరాలు ఒక్కటి కూడా పోకూడదని నా తాపత్రయం.

డేటాబేస్ తయారు చేసిన అబ్బాయి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, "మాంగోడీబీ 6, ఉబుంటు" అని ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ కంప్యూటర్‌లో టెర్మినల్ తప్ప వేరే దారి లేదు. మాంగోష్ (మాంగోడీబీ డేటాబేస్‌కు ఆజ్ఞలిచ్చే షెల్) తెరిచి `షో కలెక్షన్స్` అని కొడితే ఏమీ రావడం లేదు. తప్పని కూడా చెప్పడం లేదు, ఖాళీగా మరుసటి వరుసకు వెళ్తోంది. పుస్తకాలు వెతికే పేజీ మాత్రం చక్కగా పనిచేస్తోంది, అంటే వివరాలు ఎక్కడో ఉన్నాయి. అసలు ఏయే కలెక్షన్లు (డేటాబేస్‌లో వివరాలను ఉంచే విభాగాలు) ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఎన్ని పుస్తకాలు ఉన్నాయి అన్నది నాకు ముందు తెలియాలి. ఆ తర్వాతే కొత్తవి చేర్చడం మొదలుపెడతాను.

(ఆజ్ఞలను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే.)

రాయగడ సర్వర్ పని

అమ్మా, మీ వివరాలు ఎక్కడికీ పోలేదు. డేటాబేస్ పేరు చెప్పకుండా మాంగోష్ తెరిస్తే అది మిమ్మల్ని `టెస్ట్` అనే డేటాబేస్‌లో కూర్చోబెడుతుంది. అక్కడ కలెక్షన్లు లేకపోయినా, వాటిని చూసే అనుమతి మీ యూజర్‌కు లేకపోయినా ఖాళీ జాబితాయే వస్తుంది. ఉత్త `డీబీ` అని కొట్టండి, ఇప్పుడు ఎక్కడున్నారో చెబుతుంది.

తర్వాత `షో డీబీస్`. మీ యూజర్‌కు అనుమతి ఉన్న డేటాబేస్‌ల పేర్లు వస్తాయి. `అడ్మిన్`, `కాన్ఫిగ్`, `లోకల్` అనేవి కనిపిస్తే అవి మాంగోడీబీ సొంతానికి వాడుకునేవి, ముట్టుకోవద్దు. మిగిలినదాంట్లోకి `యూజ్` అని, పక్కన పేరు రాసి వెళ్ళి, అప్పుడు `షో కలెక్షన్స్` కొట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. `యూజ్` పక్కన పేరు తప్పు రాసినా అది అభ్యంతరం చెప్పదు, మారాను అనే అంటుంది. లేని డేటాబేస్‌లోకి కూడా వెళ్ళవచ్చు. అందులో మొదటిసారి ఏదైనా రాసేదాకా అది పుట్టదు. కనుక పేరును చూసి అక్షరం అక్షరం కొట్టండి.

పాత పుస్తకాల్లో `మాంగో` అనే ఆజ్ఞతో షెల్ తెరవమని ఉంటుంది. 6వ వెర్షన్‌లో దాన్ని తీసేశారు, మీరు వాడుతున్న మాంగోష్ సరైనదే.

పర్లాకిమిడి పఠనమందిరం

మీరు చెప్పినట్టే `టెస్ట్`లో ఉన్నాను తమ్ముడూ. సరైనదాంట్లోకి వెళ్ళగానే జాబితా వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. డేటాబేస్ పేరు ఇంగ్లిషులో ఉంది, కలెక్షన్ల పేర్లు మాత్రం తెలుగులో పెట్టాడు: తెలుగు, సవర, రిజిస్టర్, మళ్ళీ రిజిస్టర్. ఒకటి ఒడియా లిపిలో "ఒడియా" అని ఉంది. "కొత్తవి" అన్నదాని పక్కన బ్రాకెట్లలో `వ్యూ` అని ఉంది. చివర `సిస్టమ్.వ్యూస్` అని ఇంకొకటి.

రిజిస్టర్ రెండుసార్లు ఎందుకుంది? రెండు పేర్లనూ కళ్ళు చికిలించి చూశాను, రవ్వంత తేడా లేదు. ఒకే పేరుతో రెండింటిని మాంగోడీబీ ఉండనిస్తుందా?

బరంపురం కీబోర్డు

ఉండనివ్వదు మేడమ్. అవి రెండు వేర్వేరు పేర్లు, మన కంటికి ఒకటిగా కనిపిస్తున్నాయి అంతే. నేను తెలుగు, ఒడియా టైపింగ్ పనులు చేస్తాను కాబట్టి ఇది నాకు బాగా పరిచయమైన చిక్కు.

పొల్లుతో ముగిసే పదం తర్వాత కొన్ని తెలుగు కీబోర్డులు కనిపించని అక్షరం ఒకటి వేస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట కింద వ ఒత్తుగా దిగకుండా ఆపేది అదే, అక్కడ దాని అవసరం ఉంది. "రిజిస్టర్" చివర దానికి పని లేదు, ఉన్నా లేకున్నా తెర మీద తేడా రాదు. కానీ మాంగోడీబీ పేర్లను బైట్ల ప్రకారం పోలుస్తుంది. దానికి ఇవి రెండు పేర్లు.

కాబట్టి తెలుగు పేర్లున్న చోట `షో కలెక్షన్స్` చూపినదాన్ని మాత్రమే నమ్మి పని చేయకండి. అది కంటికి చూపిస్తుంది, మీకు కావలసింది లెక్క. ఇది కొట్టండి:

`డీబీ.గెట్‌కలెక్షన్‌నేమ్స్().ఫర్‌ఈచ్(ఎన్ => ప్రింట్(ఎన్.లెంగ్త్, ఎన్, డీబీ.గెట్‌కలెక్షన్(ఎన్).కౌంట్‌డాక్యుమెంట్స్()))`

ప్రతి పేరుకూ ముందు దాని పొడవు, చివర అందులోని డాక్యుమెంట్ల (ఒక్కో పుస్తకం వివరాల) సంఖ్య వస్తాయి. "రిజిస్టర్"లో గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కిస్తే 9 రావాలి. రెండోదానికి 10 వస్తే నేను చెప్పినదే. ఖాయం చేసుకోవడానికి ఆ పేరును `ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపోనెంట్`కు ఇవ్వండి. చివర ఈ2, 80, 8సీ అనే మూడు బైట్లు కనిపిస్తాయి. `సిస్టమ్.వ్యూస్` దగ్గర అనుమతి లేదని ఆగిపోతే, "సిస్టమ్." అని మొదలయ్యే పేర్లను `ఫిల్టర్`తో ముందే తప్పించండి.

ఇది ఎలా పుట్టిందన్నది ముఖ్యం. మాంగోడీబీలో కలెక్షన్‌ను ముందుగా తయారు చేయనక్కర్లేదు, ఆ పేరుతో మొదటి డాక్యుమెంట్ రాయగానే అదే పుడుతుంది. ప్రోగ్రామ్‌లో ఒకచోట ఒక కీబోర్డుతో, ఇంకోచోట మరో కీబోర్డుతో పేరు కొట్టి ఉంటారు. ఆ ప్రోగ్రామ్ వరుసను దిద్దకపోతే మీరు ఎన్నిసార్లు కలిపినా రెండోది మళ్ళీ పుడుతుంది.

`వ్యూ` అంటే సొంతంగా ఏమీ దాచుకోనిది. వేరే కలెక్షన్‌లోంచి అడిగినప్పుడల్లా చూపిస్తుంది. కనుక మొత్తం లెక్కలో "కొత్తవి"ని కలపకండి, అవే పుస్తకాలు రెండుసార్లు లెక్కకు వస్తాయి. `సిస్టమ్.వ్యూస్` ఆ వ్యూల నిర్వచనాలు దాచే చోటు, దాన్ని అలాగే వదిలేయండి.

గుణుపురం

ఒడియా పేరును కూడా చూడండి అక్కా. "ఒడియా" అని ఒడియా లిపిలో రాస్తే మధ్యలో వచ్చే చుక్క కింద ఉన్న డ అక్షరాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా డకు చుక్కను విడిగా చేర్చి. మొదటిదైతే పేరు పొడవు 4, రెండోదైతే 5. ఇప్పుడు ఒక్కటే ఉంది కాబట్టి నష్టం లేదు. రేపు ఎవరైనా ఇంకో కీబోర్డుతో కొడితే రెండోది పుడుతుంది. `నార్మలైజ్` అనే ఫంక్షన్‌కు పంపితే ఈ రెండూ ఒకే రూపానికి వస్తాయి. రిజిస్టర్ చివర ఉన్న కనిపించని అక్షరాన్ని మాత్రం అది తీయదు.

ఇక సవర. ప్రస్తుతం పేరు తెలుగు లిపిలో ఉంది, మంచిదే. మా వైపు సవర కోసం రూపొందిన సొరంగ్ సొంపెంగ్ లిపి నేర్చుకున్నవారు ఉన్నారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో పేర్లు పెడితే `లెంగ్త్` ఒక్కో అక్షరాన్ని రెండుగా లెక్కిస్తుంది, కంగారు పడకండి. పేరును ముందు అక్షరాల వరుసగా విడదీసి లెక్కిస్తే సరైన సంఖ్య వస్తుంది.

రాయగడ సర్వర్ పని

ఇన్ని చిక్కులున్నప్పుడు కలెక్షన్ పేర్లన్నీ చిన్న ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చేయడం మేలు అని నా మాట. పాఠకులకు కనిపించేవి పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు. అవి ఎలాగూ తెలుగులో, ఒడియాలో ఉంటాయి. కలెక్షన్ పేరు మనం తాళం తీసే చోటు మాత్రమే.

పర్లాకిమిడి పఠనమందిరం

బరంపురం వారు చెప్పినట్టే 9, 10 వచ్చాయి. చివరి మూడు బైట్లూ అవే. పాత పుస్తకాలన్నీ 9 పొడవున్నదాంట్లో ఉన్నాయి, ఈ మధ్య చేర్చినవి 10 పొడవున్నదాంట్లో పడ్డాయి. "కొత్తవి" దేని మీద ఆధారపడిందో `గెట్‌కలెక్షన్‌ఇన్‌ఫోస్`లో `వ్యూఆన్` అన్న చోట చూశాను. దాని పొడవు కూడా 10. అది చూడకుండా 10దాన్ని తీసేసి ఉంటే కొత్త పుస్తకాల పేజీ ఖాళీ అయ్యేది.

రాయగడ తమ్ముడూ, మీ సలహా అర్థమైంది, కానీ పేర్లు తెలుగులోనే ఉంచుతాను. నా తర్వాత ఈ పని చేసేవారు ఇంగ్లిషు బాగా రానివారు కావచ్చు. జాబితా తెరవగానే ఏ బీరువా ఏదో వాళ్ళకు చదవగానే తెలియాలి. బదులుగా పొల్లుతో ముగిసే పేర్లు పెట్టను. "రిజిస్టర్" ఇకపై "పాతపట్టిక" అవుతుంది.

రెండు సందేహాలు మిగిలాయి. కంటికి ఒకేలా ఉన్న ఆ రెండింటిలో సరైనదాన్ని ఎలా పట్టుకోవాలి? జాబితా చూడడానికి మాత్రమే వచ్చే పిల్లలకు ఏ అనుమతి ఇవ్వాలి?

బరంపురం కీబోర్డు

ముందుగా మాంగోడంప్‌తో నకలు తీయండి. దాన్ని మాంగోష్ లోపల కాదు, బయట మామూలు టెర్మినల్‌లో నడపాలి. అది విడిగా వచ్చే సాధనాల్లో భాగం, లేకపోతే వేసుకోవాలి.

పేరును చేత్తో కొట్టకండి. `గెట్‌కలెక్షన్‌నేమ్స్` ఇచ్చిన జాబితాలోంచే "రిజిస్టర్"తో మొదలై పొడవు 10 ఉన్నదాన్ని `ఫైండ్`తో ఏరి, ఆ విలువనే `గెట్‌కలెక్షన్`కు ఇవ్వండి. అందులోవాటిని 9దాంట్లోకి చేర్చడానికి అగ్రిగేట్‌లో `$మెర్జ్` వాడండి, `వెన్‌మ్యాచ్డ్` దగ్గర `ఫెయిల్` అని పెట్టండి. ఒకే ఐడీ రెండుచోట్లా ఉంటే మీకు తెలియకుండా కలిపేయకుండా ఆగి చెబుతుంది. డాక్యుమెంట్ల సంఖ్య సరిపోయిందని చూసుకుని, 9దానికి `రీనేమ్‌కలెక్షన్`తో కొత్త పేరు పెట్టి, వ్యూను, ప్రోగ్రామ్‌ను ఆ పేరుకు మార్చండి. 10దాన్ని తొలగించడం అన్నిటికన్నా చివర.

పిల్లలకు ఆ ఒక్క డేటాబేస్ మీద `రీడ్` అనే పాత్ర ఇవ్వండి. కలెక్షన్ల జాబితా చూడవచ్చు, చదవవచ్చు, లెక్కించవచ్చు. రాయడం, తీసేయడం కుదరదు.